పడిన గీత, గీసిన గీత

గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. అందుకే ఒక్కటే చెప్పి ఊరుకుంటాను. నా చేతుల్లో ఇంతవరకూ ఒక్క వస్తువు కూడా పాడవలేదు.

పాడైనవి ఉన్నాయి, కాదనను. కానీ అవన్నీ వాటంతట అవే పాడయ్యాయి. గ్లాసు పగిలింది. తాళంచెవి పోయింది. పాలు పొంగాయి. ఆ సమయానికి నేను దగ్గర్లో ఉన్నాను, అంతే. దగ్గర్లో ఉండటమే నేరమైతే, వాన పడ్డప్పుడు గొడుగేసుకుని నిలబడ్డవాణ్ణి కూడా పట్టుకోవాలి.

నా పేరు బసవయ్య. వినుకొండ బస్టాండు వెనక, కాలిపోయిన ఫ్యాన్లకు మళ్లీ తీగ చుట్టే పని చేస్తాను. ఈ పని నాకెవరూ నేర్పలేదు. మొదటి ఫ్యాను విప్పి బిగించాక మూడు మరలు మిగిలాయి. రెండోదానికి రెండు మిగిలాయి. అలా నేర్చుకున్నాను. ఇప్పుడు మిగలవు. ఒక్కోసారి చాలవు.

పనికి గురువు లేకపోయినా ఫరవాలేదు గాని మనిషికి ఒక గురువు ఉండాలని మా నాన్న అనేవాడు. అందుకని పన్నెండేళ్లుగా ప్రతి గురువారం సాయంత్రం అద్దాల సైదులు తాత కొట్టుకి వెళ్తున్నాను.

తాతది పటాలు కట్టే కొట్టు. దేవుళ్లయినా, పెళ్లివాళ్లయినా, పోయినవాళ్లయినా ఆయన అద్దం వేస్తేనే గోడెక్కుతారు. కొట్టు ముందు బల్ల మీద నలుగురైదుగురం కూర్చుంటాం. ఆయన అద్దం కోస్తుంటాడు, మేం చూస్తుంటాం. అదే మా సత్సంగం. మీరు హిందువులా, ముస్లిములా అని ఎవరైనా అడిగితే "అద్దాలవాణ్ణి" అంటాడు. మోక్షం గురించి అడిగితే "ఆ మేకులు ఇటివ్వు" అంటాడు. పన్నెండేళ్లుగా నేను మేకులు అందిస్తూనే ఉన్నాను.

ఇక మా ఆవిడ. పేరు సామ్రాజ్యం. పేరు పెట్టినవాళ్లు ముందుచూపున్నవాళ్లు. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ముందు గదిలో గోడకి బిగించిన ఆరడుగుల నిలువుటద్దం ఆమెది. కొలత చూసుకోడానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ దాని ముందు నిలబడి, ఇటు తిరిగి, అటు తిరిగి, "చంక దగ్గర కాస్త వదులు చెయ్యి సామ్రాజ్యం" అనాల్సిందే. కుట్టు ఆమెది, తీర్పు అద్దానిది.

ఆ అద్దం మీద గీత పడింది.

ఎలా పడిందో చెబుతాను. ఒక ఆదివారం పొద్దున ముందు గదిలో ఫ్యాను దించాను. దాని రాడ్డు భుజాన వేసుకుని నిలబడ్డాను. రాడ్డు చివర ఇనప పిన్ను ఒకటి బయటికి పొడుచుకుని ఉంది. అంతలో వీధిలో ఎవరో పిలిచినట్టయింది. తిరిగాను. వెనక కిర్రుమంది.

చూసేసరికి అద్దం మీద అడ్డంగా జానెడు గీత. సరిగ్గా మెడ ఎత్తున. అద్దంలో ఒక మనిషి రాడ్డు భుజాన వేసుకుని, చెరుకుతోటలో దొరికిపోయినవాడిలాగా నన్నే చూస్తున్నాడు. వాడి మొహం నాకు నచ్చలేదు. రాడ్డు తీసుకెళ్లి మంచం కింద పెట్టేశాను.

సామ్రాజ్యం పెరట్లోంచి వచ్చింది. గుమ్మం దాటకముందే చూసింది.

"ఎవరు గీశారు?"

"గీత పడినట్టుంది."

"పడటానికి అదేమన్నా వానా?"

"అద్దాలకి పడుతుంటాయిలే. వెనక పూత పూస్తారు చూడు, కంపెనీలో అది సరిగా అంటకపోతే కొన్నాళ్లకి ఇట్లా చీలుతుంది."

ఈ శాస్త్రం నాలో అప్పటికప్పుడు పుట్టింది. నేను దేన్నయినా సొంతంగా నేర్చుకుంటానని చెప్పాను గదా.

"మీకింత తెలుసని నాకు తెలీదండీ," అంది.

మా ఆవిడ నన్ను మామూలుగా "నువ్వు" అంటుంది. "మీరు" అన్నదంటే ఆ పూట అన్నం ఉంటుంది గాని కూర ఉండదు.

అక్కడితో ఆగినా బాగుండేది. సోమవారం పక్క ఊరి నుంచి పేరమ్మ వచ్చింది. సామ్రాజ్యానికి వరసకు పిన్ని అవుతుంది. మనవరాలు హరిప్రియ పెళ్లి. పిల్లని వెంటబెట్టుకుని పట్టుగుడ్డల మూట తెచ్చింది. పదకొండు జాకెట్లు. పేరమ్మ ఇక్కడ కుట్టిస్తే ఆ ఊరంతా సామ్రాజ్యం దగ్గరికే వస్తుంది. పేరమ్మ మాటకి ఆ ఊళ్లో అంత విలువ.

పిల్ల అద్దం ముందు నిలబడింది. పేరమ్మ చూసి, "అమ్మో!" అని పిల్ల చెయ్యి పట్టి లాగేసింది.

"ఏందమ్మా సామ్రాజ్యం, పిల్ల మెడ మీద గీతేంది? పుస్తె పడాల్సిన చోట!"

గీత పిల్ల మెడ మీద కాదు, అద్దం మీద అని నేను సర్దిచెప్పబోయాను.

"అదే అడుగుతున్నా. ఎట్టా అయింది?" అని పేరమ్మ నా వంక తిరిగింది.

మా ఆవిడ కూడా నా వంక తిరిగింది. ఇద్దరు ఆడవాళ్లు ఒకేసారి నా వంక తిరిగితే నా నోట్లోంచి ఏదో ఒకటి రావాల్సిందే.

"కత్తెర తగిలుంటుందిలే," అన్నాను.

అంతే అన్నాను. ఎవరి కత్తెర అని అనలేదు. కానీ ఆ ఇంట్లో కత్తెర పట్టేది ఒక్కరే.

పేరమ్మ సామ్రాజ్యాన్ని కిందనుంచి పైదాకా చూసింది. "కత్తెర అంత విసురుగా తిప్పుతావా తల్లీ? ఇవి పట్టుగుడ్డలు," అని మూట మళ్లీ చంకన పెట్టుకుంది. పిల్లని తీసుకుని వెళ్లిపోయింది.

సామ్రాజ్యం పద్దెనిమిదేళ్లుగా కత్తెర పట్టిన మనిషి. ఒక్క గుడ్డ తప్పు కోసిందన్న మాట పడలేదు. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. అరవనూ లేదు. దుప్పటి తెచ్చి అద్దం మీద కప్పింది. మిషను మీద మూత పెట్టింది. టేపు మెడలోంచి తీసి మేకుకి తగిలించింది.

"కొత్త అద్దం తెస్తాలే," అన్నాను.

"అక్కర్లేదు."

"పోనీ గీత చెరిపేస్తా."

"అదీ అక్కర్లేదు. 'నేను గీశాను' అని ఒక్క మాట అనండి. నాతో కాదు, పేరమ్మ పిన్ని ముందు. అప్పటిదాకా దుప్పటి తియ్యను. మిషను తొక్కను."

"నేను గీశానని చూసినవాళ్లు ఎవరు?"

"అద్దం చూసింది."

"మరి గిరాకీలొస్తే ఏం చెబుతావ్?"

"అద్దానికి మైల వచ్చిందని చెబుతా."

చెప్పింది కూడా. మంగళవారం ఇద్దరొచ్చారు. గుమ్మంలోనే నిలబెట్టి, "అద్దానికి మైలమ్మా. ఎన్నాళ్లో మా ఆయన్నే అడగండి," అని నా వైపు చూపించింది. వాళ్లు నన్ను చూశారు. నేను పేపరు చదువుతున్నాను. ఆ రోజు పేపర్లో అన్ని పేజీలూ చదివాను. వధూవరుల ప్రకటనలు కూడా.

నేను లొంగలేదు. లొంగితే అలవాటవుతుంది. అలవాటైతే ఇంట్లో పగిలినవన్నీ, పోయినవన్నీ, పొంగినవన్నీ పాతికేళ్ల వెనక నుంచి తవ్వుకొస్తారు. ఒక్క గీత కోసం అంత చరిత్ర తిరగరాయడం నాకిష్టం లేదు.

పైగా నాకొక ఆలోచన వచ్చింది. గీతే లేకపోతే గీసినవాడూ ఉండడు. ఇది వేదాంతమే గదా.

సామ్రాజ్యం పక్కింటికి వెళ్లినప్పుడల్లా దుప్పటి ఎత్తి పని మొదలుపెట్టాను. ముందు టూత్‌పేస్టు. తెల్లదే వాడాలి, రంగుది పనికిరాదని ఫోనులో ఒకాయన చెప్పాడు. మెత్తటి గుడ్డకి రాసి గుండ్రంగా తిప్పమన్నాడు. అరగంట తిప్పాను. అద్దానికి పుదీనా వాసన వచ్చింది. గీత మాత్రం పళ్లు తోముకున్నట్టు ఇంకా తెల్లగా కనపడింది.

తర్వాత వంటసోడా, ముద్ద చేసి. ఏమీ కాలేదు. బుధవారం విభూతి. ఇది ఫోనులో లేదు, నా సొంతం. అద్దం భక్తిగా కనపడింది, అంతే.

గురువారం పొద్దున వాటర్ పేపరు పట్టాను. మోటారు ఇరుసులకి మెరుగుపెట్టే సన్నటి గరుకు కాగితం అది. నా వృత్తి సరుకు, కనక నమ్మకం ఎక్కువ. పది నిమిషాలు రుద్దేసరికి గీత మధ్యలో నిమ్మకాయంత మబ్బు కమ్మింది. గీత ఆ మబ్బులో మెరుపులాగా ఉంది.

దుప్పటి కప్పేశాను. సామ్రాజ్యం వచ్చి ఎత్తి చూసింది.

"పొద్దున్నుంచి అద్దానికి పళ్లు తోముతున్నారా?"

"పూత సరిచేస్తున్నా."

"మంచిది. మొన్నటిదాకా గీత ఒక్కటే ఉంది. ఇప్పుడు సంతకం కూడా పెట్టారు."

సాయంత్రం తాత కొట్టుకి వెళ్లాను. మనసు బాగాలేక కాదు. గురువారం గనక.

"తాతా, అద్దం మీద గీత ఎట్లా తియ్యాలి?"

తాత కళ్లజోడు పైకి నెట్టి నన్ను చూశాడు. పన్నెండేళ్లలో ఆయనకి తెలిసిన విషయం మీద నేనడిగిన మొదటి ప్రశ్న అది. టూత్‌పేస్టు నుంచి వాటర్ పేపరు దాకా నేను చేసిన వైద్యమంతా చెప్పాను.

"గోరు ఆనించి చూశావా?" అన్నాడు.

"చూశా."

"జారిందా, తట్టుకుందా?"

"తట్టుకుంది."

"జారితే మెరుగుపెడితే పోతుంది. తట్టుకుంటే పోదు."

"అసలు దారే లేదంటారా?"

"ఎందుకు లేదు? గీత ఎంత లోతుందో, చుట్టూ ఉన్న అద్దాన్నంతా అంత లోతుదాకా అరగదియ్యాలి."

"అప్పుడు పోతుందా?"

"పోతుంది. చూసుకున్నవాడి మొహం వంకరగా కనపడుతుంది."

ఆ జవాబు నాకు నచ్చలేదు. గురువు దగ్గరికి వెళ్లేదే నచ్చిన జవాబు కోసం గదా.

"తాతా, ఇది అట్లాంటి గీత కాదు. వెనక పూతలో లోపం. కంపెనీవాళ్ల తప్పు."

"గీతలు ఎన్ని కనపడుతున్నాయి?"

గుర్తు చేసుకున్నాను. నిజమే, దగ్గరగా చూస్తే పక్కపక్కనే రెండున్నాయి. ఒకటి గట్టిగా, ఒకటి దాని నీడలాగా.

"రెండు," అన్నాను.

తాత లేచాడు. కొట్టు స్తంభానికి ఒక అద్దం ఉంది. బస్సు దిగినవాళ్లు తల దువ్వుకుని పోయే అద్దం. తాత కొట్టు పెట్టిన రోజు బిగించిందట, ఒక్క మచ్చ లేదు. ఆయన అద్దాలు కోసే కలం తీసుకుని దాని ముందు నిలబడ్డాడు. ఆ కలం మొనలో వజ్రపు నలుసు ఉంటుంది. నేను "తాతా!" అనేలోపు, అడ్డంగా జర్రున ఒక గీత గీశాడు.

బల్ల మీదున్నవాళ్లం అందరం లేచి నిలబడ్డాం.

"ఎన్ని గీశాను?"

"ఒకటి."

"ఎన్ని కనపడుతున్నాయి?"

రెండు. ఒకటి ఆయన గీసింది. ఇంకొకటి, దాన్ని అద్దం చూపించేది. ముందువైపు గీస్తేనే అట్లా రెండు కనపడతాయి. వెనక పూత చీలితే ఒక్కటే కనపడుతుంది. ఈ సంగతి అద్దాలవాళ్లందరికీ తెలుసట. ఫ్యాన్లవాళ్లకి తెలియాలని రూలేం లేదు.

"కొన్ని కంపెనీలు ముందువైపు కూడా..." అన్నాను.

"ఆ మేకులు ఇటివ్వు," అన్నాడు తాత.

మేకులిచ్చాను. ఓటమి మాత్రం ఒప్పుకోలేదు.

ఇంతలో బడిలో బహుమతి అందుకుంటున్న కూతురి ఫొటో పట్టుకుని ఒకావిడ వచ్చింది. రాగానే అద్దం చూసింది.

"అయ్యో, నిక్షేపంలాంటి అద్దం. గీత పడిందే!"

"పడలేదమ్మా. గీశాను."

"ఎవరూ?"

"నేనే." ఫొటో అందుకుని, "చెక్క ఫ్రేమా, బంగారు రంగుదా?" అన్నాడు.

తర్వాత ఒక బస్సు డ్రైవరు. దువ్వెన తల దాకా వెళ్లి ఆగింది.

"ఏంది తాతా, చెయ్యి జారిందా?"

"జారలేదు. గీశాను."

"వయసైపోయింది గదా, వణికుంటుందిలే."

"వణకలేదు. నేనే గీశాను."

పాపం, డ్రైవరు మంచివాడు. తప్పించుకోడానికి రెండు తలుపులు తెరిచాడు. తాత రెండూ మూసేశాడు. నాకు ఒళ్లు మండింది. అంత మంచి సాకులు నాకెవరూ ఇవ్వలేదు. అన్నీ నేనే తయారు చేసుకోవాల్సి వచ్చింది.

ఎదురుగా పూలమ్మే మీరమ్మ రోడ్డు దాటి మరీ వచ్చింది. "సైదులూ, ఏ చచ్చినోడు చేశాడు ఈ పని? చూపించు, వాడి చెయ్యి విరగ్గొడతా!"

"ఇదిగో," అని తాత తన చెయ్యి చాపాడు.

మీరమ్మ ఆ చేతిని చూసింది, ఆయన మొహం చూసింది, నోటికొచ్చినట్టు తిట్టింది. తిడుతూ తిడుతూ నవ్వేసి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఎంతమంది అడిగారో, అందరికీ అదే మాట. ఒక్కసారి కూడా గొంతు మారలేదు. తన చొక్కా రంగు ఏమిటో చెబుతున్నట్టు చెప్పాడు. నేను వింటూ కూర్చున్నాను. ఆ మాట విన్నప్పుడల్లా వీపు మీద చీమ పాకినట్టుంది. ఇక ఉండబట్టలేక లేచాను.

"నేను పోతున్నా. వచ్చే గురువారం నుంచి రాను."

"సరే. ఆ చెక్కముక్కలు అడ్డం తీసి పో."

"అది కాదు తాతా. మీరు కావాలని గీశారు. కావాలని గీసినవాడు ఎవరికైనా చెప్పగలడు, అందులో గొప్పేముంది? నేను కావాలని గియ్యలేదు గదా!"

నేనన్నది నాకే వినపడింది.

తాత కలం మొన గుడ్డతో తుడుచుకుంటూ అన్నాడు. "చాలా దూరం వచ్చావయ్యా. 'నేను' వచ్చింది. 'గియ్య' వచ్చింది. చివర ఆ 'లేదు గదా' ఒక్కటే మిగిలింది. దాని మీద రుద్దు నీ వాటర్ పేపరు."

చెక్కముక్కలు అడ్డం తీసి వచ్చేశాను.

దారి పొడుగునా సాధన చేశాను. "నేను గీశాను." సైకిలు మీద బాగానే వచ్చింది. రైలుగేటు దగ్గర ఇంకా బాగా వచ్చింది. గేటు పక్కన నిలబడ్డ గేదె కూడా నమ్మింది. మా సందు మలుపు తిరిగేసరికి అది "నా వల్ల గీత పడింది" అయింది. గుమ్మం దగ్గరికొచ్చేసరికి "ఆ గీత సంగతి" అయింది.

సామ్రాజ్యం బీరకాయ చెక్కు తీస్తోంది. కూర ఉండబోతోందన్న ఆశ పుట్టింది.

"సామ్రాజ్యం, ఆ గీత... నా వల్ల పడింది."

"పడిందా?"

"అంటే, నా చేతుల మీదుగా జరిగింది."

"మీ చేతుల మీదుగా జరగడానికి అదేమన్నా శంకుస్థాపనా?"

"చెప్పాను గదా, ఇంకేం కావాలి?"

"నాతో కాదన్నాను. పిన్ని ముందు."

"ఆవిడ ఇంకెందుకు వస్తుంది? ఈపాటికి ఇంకో టైలరుకి ఇచ్చేసుంటుంది."

"కొలతకి తెచ్చిన పాత జాకెట్టు ఇక్కడే మరిచిపోయింది. అది లేకుండా ఎవరూ కత్తెర పెట్టలేరు. శనివారం వస్తానని కబురు చేసింది. శనివారం మీరు పనికి పోవద్దు."

పోదామనే అనుకున్నాను. శనివారం తెల్లవారి చొక్కా వేసుకునేసరికి సామ్రాజ్యం గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుని ఉంది. పెరటి తలుపుకి తాళం. తాళంచెవి ఎప్పుడూ నా దగ్గరే పోతుంది గాని ఆమె దగ్గర పోదు.

పేరమ్మ పది గంటలకి వచ్చింది. పిల్లా వెంటే ఉంది. మూట పిల్ల చేతిలో ఉంది.

"ఆ జాకెట్టు ఇటియ్యమ్మా, పోతా. ఎండ ముదురుతోంది."

"ఇస్తా పిన్నీ. ఒక్కసారి లోపలికి రా. ఆయన నీతో ఏదో చెప్పాలంట."

పేరమ్మ లోపలికొచ్చి నా ఎదురుగా నిలబడింది. సామ్రాజ్యం గోడకి ఆనుకుని చేతులు కట్టుకుంది. పూత గుర్తొచ్చింది, కంపెనీ గుర్తొచ్చింది. భూకంపం కూడా గుర్తొచ్చింది.

"పేరమ్మత్తా, ఆ గీత కత్తెరది కాదు. ఫ్యాను రాడ్డుది."

"రాడ్డు నడుచుకుంటూ వచ్చిందా?"

"నా భుజం మీద ఉంది."

"ఉంటే?"

తాత అయితే ఈపాటికి చెప్పేసి ఫ్రేము రంగు కూడా అడిగేసేవాడు. నేను గోడ చూశాను, దుప్పటి చూశాను, నా కాళ్లు చూశాను.

"నేనే గీశాను."

అన్నాను. గొంతు నాది కాదు, నూనె లేని గిలకది. కానీ మాట మొత్తం వచ్చింది, చివర తోక లేకుండా. ఇల్లు కూలలేదు. వీధిలో బీరకాయలవాడు అరుచుకుంటూ పోతూనే ఉన్నాడు.

పేరమ్మ సామ్రాజ్యం వంక తిరిగింది. "మా ఆయన నాతో నలభై ఏళ్లు కాపురం చేశాడు. ఒక్క కుండ పగలగొట్టానని చెప్పలేదు. అన్నీ పిల్లి పగలగొట్టిందనేవాడు. మా ఇంట్లో అసలు పిల్లి లేదు."

సామ్రాజ్యం గోడ దగ్గర్నుంచి కదిలి దుప్పటి లాగేసింది. "నువ్వు ఆ పీట ఇటు పెట్టు," అంది నాతో.

నువ్వు అంది. పీట ఏమిటి, మంచం మోసుకొచ్చి పెట్టమన్నా పెట్టేవాణ్ణి.

అద్దం ముందు పీట వేయించి, హరిప్రియని దాని మీద నిలబెట్టింది. పిల్ల జానెడు పైకి లేచింది. గీత మెడ మీంచి జారి జారి నడుము దగ్గరికి దిగింది.

పిల్ల ఒక్క క్షణం చూసి చప్పట్లు కొట్టింది. "నాయనమ్మా, వడ్డాణం!"

పేరమ్మ వంగి చూసింది. "అవునే! రెండు పేటలది. మధ్యలో బిళ్ల కూడా ఉందే!"

ఆ బిళ్ల నేను వాటర్ పేపరుతో చేసిన మబ్బు. ఆ సంగతి చెబుదామనుకున్నాను. గొప్పలు చెప్పుకోవడం చేతకాదు గనక ఊరుకున్నాను.

"ఈ ఉపాయం నీకెప్పుడు తట్టింది?" అన్నాను సామ్రాజ్యంతో, మెల్లగా.

"గీత చూసిన రోజే."

"మరి ఇన్ని రోజులూ..."

"పీట నా దగ్గరుంది. మాట నీ దగ్గరుంది."

పేరమ్మ మూట విప్పింది. పదకొండు గుడ్డలూ మంచం మీద పరిచింది. సామ్రాజ్యం మేకు మీంచి టేపు తీసి మెడలో వేసుకుంది. నాలుగు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని పిల్ల భుజం కొలవడం మొదలుపెట్టింది. అయిదు రోజుల తర్వాత ఆ గదిలో పని జరుగుతున్న చప్పుడు విన్నాను. బయటపడ్డాననుకున్నాను.

పేరమ్మ గుడ్డలు సర్దుతూ, ఊరికే అడిగినట్టు అడిగింది. "అవునయ్యా బసవయ్యా, గీసింది నువ్వయితే, ఆ రోజు కత్తెర అన్నావేం?"

పిల్ల భుజం మీద టేపు ఆగింది.

"నోరు జారింది," అన్నాను.

టేపు మళ్లీ కదిలింది. సామ్రాజ్యం పెదాల మధ్య నుంచి సూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డకి గుచ్చింది. ఆఖరి సూది గుచ్చాక నా వైపు చూడకుండా అంది.

"మీరు కాస్త పక్కకి జరగండి. వెలుతురు రావడం లేదు."

రానన్న గురువారమే తాత కొట్టుకి వెళ్లాను. జరిగిందంతా చెప్పాను. "నేనే గీశాను" అన్న చోట రెండుసార్లు చెప్పాను, సరిగా వినపడిందో లేదోనని. తాత అద్దం కోస్తూ విన్నాడు. నోరు జారిన సంగతి దగ్గరికొచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది.

"జారిందా?" అన్నాడు.

అంతే. మళ్లీ కోసుకోవడం మొదలుపెట్టాడు.

అడక్కుండానే మేకులు అందించాను. ఇంటికి వచ్చేశాను.

నోరు జారలేదు. నేనే అన్నాను. ఆ మాట ఆమె మీదికి పోతుందని తెలిసే అన్నాను.

ఇది కాగితం మీద రాయడం వచ్చింది. సామ్రాజ్యం ఎదురుగా నిలబడి అనడం నేనింకా నేర్చుకోలేదు.